బోణీ స్కాలర్‌షిప్

మా ఇంట్లో చదువంటే మూడే రకాలు. మందులిచ్చే చదువు, మేడలు కట్టే చదువు, లెక్కలు చూసే చదువు. ఇంటర్ అయిన వేసవిలో నేను నాలుగో రకం ఒకటుందని ప్రకటించాను. లారీల మీద అక్షరాలు రాయడం నేర్చుకుంటానన్నాను. అమ్మ గ్రైండర్ ఆపి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఇక వినక్కర్లేదన్నట్టు గ్రైండర్ వేసేసింది.

మాది సాలూరు. మనుషులకంటే ముందు లారీలు నిద్రలేచే ఊరు. మా కిరాణా కొట్టు మెయిన్ రోడ్డు మీదే ఉండేది కాబట్టి, షెడ్డులో కొత్త బాడీ కట్టించుకుని కొరాపుట్ ఘాటీ వైపు వెళ్ళే ప్రతి లారీ మా కళ్ళముందు నుంచే వెళ్ళాలి. పప్పులు పొట్లం కడుతూ వాటి తలుపుల మీద రాతలు చూస్తూ పెరిగాను. లారీ మలుపు తిరిగేలోపు ఆ రాత ఏ మేస్త్రి చేతిదో చెప్పేసేదాన్ని. ఒకాయన తలకట్టు పైకి ఎగరేస్తాడు, ఇంకొకాయన సున్నా చుట్టడంలో తొందరపడతాడు. ఈ విద్యకు మా కొట్లో గిరాకీ లేదు.

నాన్న అప్పటికే విజయనగరంలో బీకాం సీటు మాట్లాడి వచ్చారు. నేను రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూట ఆకలికి ఓడిపోయి కూర్చున్నాక ఆయన ఒక మెట్టు దిగారు. వర్తక సంఘం స్కాలర్‌షిప్ ఇస్తే అది కూడా చదువే అని ఒప్పుకుంటాననీ, ఏడాది పాటు ఆ షెడ్డుకు పంపిస్తాననీ, ఇవ్వకపోతే మారు మాట్లాడకుండా బీకాంలో చేరాలనీ అన్నారు. ఆయన అంత ధీమాగా ఎందుకన్నారో నాకు తెలుసు. మా సంఘం ఏటా పైచదువుల పిల్లలకు శాలువా కప్పి, రోడ్డు మధ్యలో ఫ్లెక్సీ కట్టి స్కాలర్‌షిప్ ఇస్తుంది. అందరూ ఆ మూడు రకాలవాళ్ళే.

అయినా అడిగాను. కమిటీలో కూర్చున్నవాళ్ళంతా కొట్లవాళ్ళే, అందరూ నన్ను పొట్లాలు కట్టే వయసు నుంచీ ఎరిగినవాళ్ళే, అందుకే మొహమాటం లేకుండా నవ్వారు. ఒకాయన కాలేజీ ఎక్కడన్నాడు. షెడ్డు అన్నాను. ప్రిన్సిపాల్ ఎవరన్నాడు. మేస్త్రి అన్నాను. అయితే ఆ ప్రిన్సిపాల్ గారి దగ్గర నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ పట్టుకు రమ్మని అందరూ కలిసి మళ్ళీ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా షెడ్డుకు వెళ్ళి మేస్త్రి బాబాయ్‌కి సంగతి చెప్పాను. ఆయన ఎగతాళిని ఎగతాళిగా తీసుకునే మనిషి కాదు, పనిగా తీసుకునే మనిషి. రేకు ముక్క ఒకటి తెచ్చి, పసుపు పూసి, ఎర్ర అక్షరాలతో ఈ అమ్మాయి మా దగ్గర విద్యార్థిని అని రాసిచ్చాడు. ఊరికే రాస్తే బాగోదని అటొక తామరపువ్వు, ఇటొక నెమలి వేశాడు. అలవాటు చొప్పున చివర్న 'టాటా' అని కూడా పెట్టాడు. తడి ఆరకముందే తీసుకెళ్ళి కమిటీ బల్ల మీద పెట్టాను. ఫైలులో పట్టదని వెనక్కి తోశారు. అధ్యక్షుడు మాత్రం నవ్వకుండా, రేకును ఎత్తి చూసి, తన సంచిలో పెట్టుకున్నాడు. ఆ వారంలోనే తేల్చేస్తామన్నారు. ఏమని తేలుస్తారో వాళ్ళ మొహాల్లోనే ఉంది.

అధ్యక్షుడు నాన్నకు వరసకి బావ, నాకు మావయ్య. మార్కెట్ సందులో రంగుల కొట్టు. డబ్బాలు, కుంచెలు, మేకులు, తాళ్ళు అన్నీ అమ్ముతాడు. ఆయన్ని ఎలా పట్టుకోవాలా అని రాత్రంతా ఆలోచిస్తే నాకు తట్టింది ఒక్కటే, బోణీ. కొట్టు తెరవగానే వచ్చిన మొదటి మనిషిని మా వాళ్ళు వట్టి చేతులతో పంపరు. పంపితే ఆ రోజు గల్లాపెట్టె పడుకుంటుందని నమ్మకం. బోణీ బేరానికి మా నాన్న కొన్న ధరకే అమ్మేయడం నా కళ్ళతో చూశాను. బోణీ దగ్గర ఇచ్చిన మాట కూడా వెనక్కి తీసుకోరు.

మర్నాడు పొద్దున్నే సందు మొగలో టీ బండి చాటున నక్కాను. తలెత్తి చూసేసరికే రంగుల కొట్టు షట్టర్ సగం లేచి కనిపించింది. పరుగున వెళ్ళి దూరాను. లక్ష్మీదేవి పటం ముందు అగరొత్తి సగం కాలి బూడిద వంగి ఉంది. మావయ్య కుర్చీ తుడుచుకుంటున్నాడు. ఆరో నంబర్ కుంచె ఇమ్మన్నాను. ఇచ్చాడు. నోటు చాపాను గానీ చేతిలోంచి వదల్లేదు. కమిటీలో నా స్కాలర్‌షిప్‌కి సరే అంటానంటేనే కొంటాననీ, లేకపోతే కుంచె అక్కడ పెట్టి వెళ్ళిపోతాననీ చెప్పాను.

మావయ్య నా వైపు చూశాడు, పటం వైపు చూశాడు.

"కొట్టోడి కూతురివి అయ్యుండి బోణీతో ఆటలాడతన్నావేటే గుంటా?"

నేను మెట్టు దిగాను. ఒక కాలు రోడ్డు మీద పెట్టాను. చెవులు మాత్రం కొట్లోనే వదిలాను.

"ఇలా రా. మాటిచ్చీసాను. పట్టుకెల్లు ఆ కుంచె."

నోటు తీసుకుని కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. నేను ఇంటిదాకా నవ్వుతూనే వెళ్ళాను.

కమిటీలో ఏం జరిగిందో, తనూ అందులో సభ్యుడే కాబట్టి, నాన్న ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని చెప్పారు. గుంట బోణీకి వచ్చిందనీ, మాటిచ్చేశాననీ, ఇప్పుడు కాదంటే తన కొట్టు ఏమైపోవాలనీ మావయ్య అడిగాడట. చుట్టూ ఉన్నవాళ్ళంతా రేపు పొద్దున్న షట్టర్ ఎత్తాల్సినవాళ్ళే. ఎవరూ కాదనలేకపోయారట. నాన్నతో సహా.

శాలువా కప్పారు. ఫ్లెక్సీ మీద నా ఫోటో కింద ఏం రాయాలో తెలియక 'ఉన్నత విద్య' అని వేశారు. ఆ స్కాలర్‌షిప్ నాకు రంగులకూ కుంచెలకూ సరిపోయిన మాట నిజమే. అంతకంటే ముఖ్యం, అది ఇంట్లో నా పనికి చదువన్న పేరు తెచ్చింది. కిరసనాయిల్ వాసనతో ఇంటికొస్తే అమ్మ ముక్కు మూసుకునేది గానీ, చుట్టాలు అడిగితే మాత్రం పిల్ల చదువుకుంటోందనే చెప్పేది. ఆ ఏడాది షెడ్డులో నేను తెలుగు సున్నాలూ, ఒడియా డ్రైవర్ల కోసం ఒడియా సున్నాలూ చుట్టాను. గజపతినగరం సంత రోడ్డులో ఇప్పుడు సగం బోర్డులు నా చేతివే. ఆ అక్షరాలనే కంప్యూటర్లోకి ఎక్కించి వేరే ఊళ్ళకూ అమ్ముతున్నాను. బీకాం చదివిన మా తమ్ముడే నా లెక్కలు చూస్తాడు.

నా బోణీ కథ షెడ్డులో చెప్పని రోజు లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ కథలో మావయ్య మొహం ఇంకాస్త ఎర్రబడేది. ఆ ఏడాది చివర్లో ఒక మధ్యాహ్నం, కుంచెలు కడుగుతూ, కొత్తగా చేరిన పనివాళ్ళకు చెబుతుంటే మేస్త్రి బాబాయ్ అడ్డొచ్చాడు. అది కుంచె కొన్న రోజేనా అని అడిగి, తాపీగా అన్నాడు.

"ఆ రోజు బోణీ నాదమ్మా. రాయ్‌పూర్ బండి ఎల్లిపోతాదని సీకటితోనే మీ మావయ్యని లేపి, రంగులో కలపడానికి టర్పెంటైన్ అట్టుకొచ్చినాను."

సగం కాలిన అగరొత్తి అప్పుడు గుర్తొచ్చింది. అగరొత్తి వెలిగించాకే బోణీ చేస్తారు. నేను వెళ్ళేసరికి బూడిద వంగి ఉందంటే, కొట్టు తెరిచి ఎంతసేపైందో కొట్టువాడి కూతురికి తెలియాలి. నాకు తెలియలేదు. కళ్ళకద్దుకోవడం కూడా ఉత్త నటనే.

అదే సాయంత్రం రంగుల కొట్టుకు వెళ్ళాను. మావయ్య ఎవరికో తాడు కొలుస్తున్నాడు. వెనక గోడ మీద, పటం పక్కనే, తామరపువ్వూ నెమలీ ఉన్న నా రేకు సర్టిఫికెట్ వేలాడుతోంది. ఆ మనిషి వెళ్ళాక, ఆ రోజు బోణీ నాది కాదు కదా అని అడిగేశాను.

"కాదు. మరి ఆళ్ళకేటని సెప్పను? గుంటకి ఇష్టమని సెప్తే ఇస్తారా? బోణీ అంటే ఎవడూ నోరెత్తడు." తాడు చుట్టి కొక్కేనికి తగిలించి, గొంతు తగ్గించాడు. "ఈ మాట ఎవరికీ సెప్పకు. రేపు ఇంకో గుంట వస్తాది."

ఏడాదంతా చెప్పుకున్న గొప్ప పోయిందని కోపం వచ్చింది. ఆ కోపంతోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. థాంక్స్ చెబితే తిడతాడని, అక్కర్లేకపోయినా ఇంకో కుంచె కొన్నాను. ఈసారి ధర ఒక్క రూపాయి తగ్గించలేదు.

ఆయన అన్నట్టే ఇంకో గుంట వచ్చింది. బట్టల కొట్టువాళ్ళమ్మాయి. లారీ నడపడం నేర్చుకుని, లైసెన్సు తీసుకుని, సొంతంగా బండి తిప్పుతుందట. వాళ్ళింట్లో మిక్సీ ఆగిందో గ్రైండర్ ఆగిందో నేనడగలేదు. నా బోణీ కథ ఊరంతా తెలుసు కాబట్టి కిటుకు చెప్పమని నా దగ్గరికే వచ్చింది. అన్నీ చెప్పాను. టీ బండి చాటున నిలబడమన్నాను, షట్టర్ లేవగానే దూరమన్నాను, నోటు గట్టిగా పట్టుకోమన్నాను.

"లోపలికెళ్ళాక అగరొత్తి వైపు మాత్రం సూడకు" అన్నాను.

ఎందుకక్కా అంది.

"సూడకు, అంతే."