తోక లేని పేరు

వినీత పేరు చివర ఒక ‘మ్మ’ తగ్గింది. జరిగిందల్లా అంతే.

తాండూరు బజారులో బట్టల దుకాణం. పెళ్లిళ్ల రోజులు కావడంతో లోపల కాలు పెట్టే చోటు లేదు. చించోళి వైపు నుంచి వచ్చిన కన్నడ ఆడవాళ్లు పరుపు మీద కూర్చుని, చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ కోసం తానులన్నీ విప్పించారు. వాళ్లకు బట్టలు చూపిస్తున్న అక్షర, చీర అంచు మీద నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాపింది.

“వినీతా, ఆ పచ్చ తాను జర ఇటియ్యి.”

వినీత తీసి ఇచ్చింది కూడా. ఇచ్చాక గానీ ఇద్దరికీ తెలియలేదు.

అక్షర ఆ దుకాణంలో జీతానికి పనిచేసే అమ్మాయి. వినీత ఆ ఇంటి కోడలు. గల్లా దగ్గర కూర్చున్న కస్తూరమ్మ వినీతకు అత్త, దుకాణానికి యజమాని. ఆమె చాయ్ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. మూటలు మోసే ముసలి జంగప్ప, భుజం మీది మూట దించకుండా అలాగే నిలబడ్డాడు.

“ఏమన్నవే?” అంది కస్తూరమ్మ.

“పచ్చ తాను అడిగిన సేటమ్మా.”

“తాను సంగతి కాదు. దానికంటె ముందల ఏమన్నవ్?”

అక్షర పచ్చ తానును పరుపు మీద పెట్టేసింది. కస్తూరమ్మ కోడలి వైపు తిరిగింది.

“నిన్ను పేరు వెట్టి పిలిచింది. పనిమనిషికి చెప్పినట్టు ఇటియ్యి అన్నది. నీకు ఇనవడలేదా?”

వినీత బట్ట మడతలు సరిచేస్తోంది. సరిగ్గా ఉన్న మడతనే విప్పి మళ్లీ మడిచింది.

“గిరాకిల పడి ఇనలే అత్తమ్మా.”

“ఏనాయ్తు అక్కా?” అని ఒక కన్నడావిడ అక్షరను అడిగింది. ఏం జరిగిందో చెప్పడానికి అక్షరకు తెలుగులోనే మాటలు దొరకలేదు.

కస్తూరమ్మ గొంతు పెంచలేదు. పెంచకపోవడమే ఎక్కువ భయం పుట్టించింది. “సోమారం పొద్దుగాల అందరు ఉన్నప్పుడు ఈడ నిలబడు. ‘తప్పైంది చిన్న సేటమ్మా’ అని అను. అంటె పని ఉంటది. అనకుంటె గుమ్మం దిగు అక్షరీ.”

అక్షరీ. ఆ మాటే గుచ్చుకుంది.

తాండూరు పక్కనున్న యాలాల్‌లో అక్షర వాళ్లది మాదిగ వాడ. ఆ వాడలో మనుషులకు రెండేసి పేర్లు ఉంటాయి. ఆధార్ కార్డులో ఒకటి, ఊరి నోట్లో ఒకటి. బుగ్గమ్మ బుగ్గి అవుతుంది. కిష్టప్ప కిష్టిగాడు అవుతాడు. అక్షర తల్లి యాదమ్మ. ఆమెను, ఆమె కూలికి వెళ్లే చెల్క యజమాని మనవడు, పాలపళ్లు ఊడని పిల్లవాడు, “యాదీ, మా తాత రమ్మన్నడు” అని పిలిచేవాడు. యాదమ్మ “వస్తున్న దొరా” అనేది. కూతురు పుట్టినప్పుడు బడి పంతులమ్మ దగ్గరకు వెళ్లి ఆమె ఒక్కటే అడిగింది. “ఎవ్వడు ఇరగ్గొట్టరాని పేరు జెప్పు మేడం.” పంతులమ్మ చాలాసేపు ఆలోచించి అక్షర అంది. డిగ్రీ అయిపోయి, దుకాణంలో చేరి ఇంతకాలమైనా ఆ పేరును ఎవరూ విరవలేదు. ఇప్పుడు కస్తూరమ్మ విరిచింది.

మర్యాద తప్పింది అక్షరేనని బజారంతా ఒప్పుకుంటుంది. అదే దుకాణంలో వినీత భర్త గిరీష్, తండ్రి వయసున్న జంగప్పను రోజూ “ఒరేయ్ జంగప్పా, మూట ఎత్తు” అంటాడు. దాన్ని మర్యాద తప్పడమని ఎవరూ అనరు. ఉత్త పేరు పైనుంచి కిందికి వస్తే పని చెప్పడం, కిందినుంచి పైకి వెళ్తే పొగరు. ఈ లెక్క మనం పిల్లలకు ఎక్కాలకంటే ముందు నేర్పుతాం.

మరి అక్షర నాలుక ఎందుకు జారింది? దానికి వికారాబాద్ వెళ్లాలి.

అక్కడ స్టేషన్‌కు దగ్గరలో రాజేందర్ అనే రిటైర్డ్ సైన్సు మాస్టారి ఇంటి మేడగది ఉంది. ఆదివారాలు పుస్తకాల పిచ్చివాళ్లు కొందరు అక్కడ చేరతారు. హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రాజేందర్ ఏరి తెచ్చే పాత ఇంగ్లిష్ పుస్తకాలే వాళ్ల గ్రంథాలయం. రెండేళ్లుగా నార్వే, స్వీడన్, ఐస్‌లాండ్ డిటెక్టివ్ నవలల మీద పడ్డారు. తాండూరు నాపరాళ్ల దుమ్ములో మంచు గురించి చదవడం వాళ్లకే నవ్వు తెప్పించేది. కానీ ఆ నవలల్లో వాళ్లను పట్టి కుదిపింది మంచు కాదు. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల ఫ్యాక్టరీ యజమానిని “ఎరిక్” అంటుంది. విద్యార్థి ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరి పేరు వెనకా ఏమీ ఉండదు.

“గిదేం దేశమే తల్లీ, ఎవ్వలకు తోకల్లేవు!” అన్నాడు ఓసారి బ్యాంకు గుమస్తా మహేందర్. ఆ మాట మీదే రాజేందర్ నియమం పెట్టాడు. ఈ గదిలోకి వచ్చేవాళ్లు చెప్పులతో పాటు తోకలు కూడా బయటే విడవాలి. సార్ లేదు, అమ్మ లేదు, అన్న లేదు, గారు లేదు. పేరు ఒక్కటే.

తాతంత వయసున్న మనిషిని “రాజేందర్” అనడానికి అక్షర నాలుక వారాల తరబడి మెలికలు పడింది. వికారాబాద్‌లో పుట్టింటికని చెప్పి వచ్చే వినీతను “వినీతా” అనడానికి ఇంకా ఎక్కువ పట్టింది. “అను, ఏం గాదు. నాకు గూడ ఎవరన్న పేరుతోని పిలిస్తె బాగుంటది. ఇంట్ల కోడలా అంటరు, దుకాణంల చిన్న సేటమ్మ అంటరు” అని వినీతే బతిమాలింది. తిరుగు ప్యాసింజర్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, హంతకుడెవరో పందెం వేసుకుంటూ వచ్చేవాళ్లు. తాండూరు స్టేషన్ రాగానే మాత్రం వేర్వేరు గేట్ల గుండా బయటకు నడిచేవాళ్లు.

దుకాణంలో నాలుక జారిన ఆ శనివారం పొద్దున ఆటోలో అక్షర ఒక ఐస్‌లాండ్ నవల చివరి అధ్యాయం చదివింది. అది వినీతకు ఎప్పుడు చెప్పాలా అని కడుపు ఉబ్బిపోతోంది. ఆ తొందరలో గది గాలి దుకాణంలోకి వచ్చేసింది.

ఆదివారం మేడగదిలో వినీత చోటు ఖాళీగా ఉంది.

మొదట మహేందర్ ఎప్పటిలా మొదలుపెట్టాడు. “శవం దొరికిందా, దొరికింది. ఇంగ ఉరకాలె గద? వీళ్లు కూసొని కాఫీ తాగుతరు. మల్ల తాగుతరు. నాకైతె హంతకుడు కాఫీపొడి అమ్మెటోడే అనిపించింది.” ఎవరూ నవ్వలేదు. అక్షర జరిగింది చెప్పింది. సోమవారం గడువు కూడా చెప్పింది.

మహేందర్ చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“అనెయ్యి. ఒక్క మాట గద,” అన్నాడు మహేందర్. “లోపల అనుకోకుంటె అయిపాయె. పని పోతె మీ అమ్మ మల్ల కంది చేన్లకు పోవాలె. ఆమె మోకాళ్లు సూసినవా?”

అక్షర చూసింది. రోజూ రాత్రి వాటికి నూనె రాసేది ఆమే.

రాజేందర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “చూడు బిడ్డా, గా రూల్ మనం గీ గది మట్టుకే పెట్టుకున్నం. బయట బయటి తీరుగనే ఉండాలె గద.”

“పోయేటప్పుడు చెప్పులతోని పాటు తోకలు గూడ తొడుక్కోవాల్నా, రాజేందర్?”

ఆ చివరి పేరు దగ్గర ఆయన ముఖం చిన్నబోయింది. రెండేళ్లలో ఆయనకు ఆ పిలుపు గుచ్చుకోవడం అదే మొదటిసారి.

అప్పుడే అక్షర ఫోన్ మోగింది. వినీత పంపిన మెసేజ్. ‘రేపు అనెయ్యి అక్షరా. అత్తమ్మ సల్లవడతది. నేను అడ్డమొస్తె నా ఆదివారాలు బందైతయ్. ప్లీజ్.’

అక్షర దాన్ని పైకి చదివింది. ఎవరూ వినీతను తిట్టలేదు. తిట్టడానికి ఎవరికీ మొహం లేదు.

ఆ ఐస్‌లాండ్ నవల మొదటి అధ్యాయాల్లో ఒక ఆడమనిషి ఉంది. పేరు కూడా ఉండదు. పక్కింటి పిల్లను సముద్రం వైపు లాక్కెళ్తుంటే కిటికీలోంచి చూసి, పరదా లాగి, పొయ్యి మీది చేపల పులుసు కలుపుతుంది. పోయిన వారం ఆమె గురించి గదిలో పెద్ద గొడవైంది. భయపడింది పాపం, క్షమించాలంది అక్షర. వినీత ఒప్పుకోలేదు. “సంపినోని కంటె గామె మీదనే నాకు ఎక్కువ కోపం. గంత సూసి పరదా గుంజుతదా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అక్షర తిరిగి ఒక్క వాక్యం టైపు చేసింది. ‘పరదా గుంజినామె యాదికున్నదా?’

చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి.

ఆ సాయంత్రం ఇంట్లో యాదమ్మ రొట్టెలు చేస్తూ అంతా విన్నది. ఉద్యోగం పోతుందేమోనని అక్షర నసిగినప్పుడు పెనం మీద నుంచి తల ఎత్తలేదు.

“నిన్ను ఏమని పిలిచింది?”

“అక్షరీ అని.”

యాదమ్మ రొట్టె తిరగేయడం మరిచిపోయింది. అది మాడింది. “నేను ఏం జెప్పను బిడ్డా. అంటె తిండి ఉంటది. అనకుంటె పేరుంటది. నాకు రెండు గావాలె,” అంది.

సోమవారం పొద్దున దుకాణంలో పనివాళ్లందరూ వరుసగా నిలబడ్డారు. గిరీష్ సెల్‌ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్నాడు. అప్పుడే వచ్చిన గిరాకీ, అత్తాకోడళ్లు ఇద్దరు, ఏదో పూజ జరుగుతోందనుకుని చెప్పులు విడిచి ఒక పక్కన నిలబడ్డారు. వినీత అత్త వెనక కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఊఁ,” అంది కస్తూరమ్మ.

అక్షర నోరు తెరిచింది. ఆటో ఎక్కినప్పటి నుంచి ఆ మాటను వల్లె వేసుకుంటూనే వచ్చింది. అమ్మ మోకాళ్ల కోసం అనేద్దామనే గుమ్మం ఎక్కింది. 

“తప్పైంది...”

‘చిన్న’ దగ్గరే నాలుక మడత పడింది. జంగప్ప రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కస్తూరమ్మ వేళ్లు గల్లా పెట్టె మీద ఆడుతున్నాయి.

“ఎవలికి తప్పైంది? పూర్తిగ అను.”

“జర ఆగుండ్రి, అక్షర గారూ.”

అన్నది వినీత. లేచి నిలబడింది. బట్టల దుకాణంలో పనిచేసే పిల్లకు ‘గారు’ తగిలించడం ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. గిరీష్ ఫోన్ దించాడు.

“నేనే పిలవమన్న అత్తమ్మా. వికారాబాద్‌ల మేమిద్దరం కలిసి పుస్తకాలు సదువుతం. ఆడ ఆమె నన్ను వినీత అంటది, నేను ఆమెను అక్షర అంట. మొన్న నాకు మంచిగనే ఇనవడ్డది. ఇనలేదని అబద్ధమాడిన.” ఆమె అత్త వెనక నుంచి ముందుకు వచ్చింది. “ఈడ నేను సేటమ్మ అయితె, ఆమె అక్షర గారు. లేకుంటె ఇద్దరం పేర్లే.”

కస్తూరమ్మ నవ్వింది. మంచి నవ్వు కాదు. “గట్లనా? మరి గీ జంగప్పను గూడ జంగప్ప గారు అంటవా?”

“అంట.”

“వద్దవ్వా!” అన్నాడు జంగప్ప హడలిపోయి. “గట్ల అంటె నాకు నవ్వొస్తది. మూట జారిపోతది.”

పూజ అనుకుని నిలబడ్డ అత్తాకోడళ్లలో కోడలు ఫక్కున నవ్వింది. అత్త ఆమె జబ్బ గిల్లింది. పొమ్మంటుందా, ఉండమంటుందా? కస్తూరమ్మ అందరినీ ఒక్కొక్కరిగా చూసింది. వేరే బజారులో అక్షరను పిలిచి పని ఇచ్చే పోటీ దుకాణం ఉందన్న సంగతి, పెళ్లిళ్ల రోజులన్న సంగతి, చీరలు చూపించడంలో అక్షర నోరు మంచిదన్న సంగతి ఆమెకు తెలియనివి కావు. మనసు మారిందని నేను చెప్పను. వ్యాపారి మనసు గిరాకీ వైపు చూసింది, అంతే.

“గిరాకి నిలబడ్డది,” అంది చివరికి, ఎవరి వైపూ చూడకుండా.

పని పోలేదు. వినీత ఆదివారాలు మాత్రం బందయ్యాయి. పుట్టింటికి కూడా గిరీష్ వెంట ఉంటేనే ప్రయాణం. వికారాబాద్ గదిలో ఆమె చోటు ఖాళీగానే ఉంది. పుస్తకాలను అక్షర గుడ్డ తానుల మడతల మధ్య పెట్టి అందిస్తోంది. వినీత చదివి అలాగే తిరిగిస్తోంది. నవల ఎలా ఉందో ఇద్దరూ బట్టల భాషలో మాట్లాడుకుంటారు. “గీ రంగు ఎట్లున్నది వినీతా?” “మొదలు మంచిగనే ఉన్నది, అంచు కాడికొచ్చి ఎలిసిపోయింది.”

కస్తూరమ్మ అవి వింటుంది. ఏమీ అనదు. ఆమెకు వేరే చిక్కు వచ్చిపడింది. అక్షరీ అనడానికి ఇప్పుడు నోరు రాదు. అక్షర గారూ అనడానికి ప్రాణం ఒప్పదు. పేరు పలకకుండా పని చెప్పాలి. అందుకని గోడ వైపు చూసి, అందరికీ కలిపి బహువచనంలో అంటుంది.

“ఎవలన్న గా పచ్చ తాను తియ్యుర్రి.”

జంగప్ప ఆ మాట విన్న ప్రతిసారీ అక్షర వైపు వంగి గుసగుసలాడతాడు. “ఇన్నవా బిడ్డా? నన్ను గూడ తియ్యుర్రి అన్నది.”