ఏట్లో వన్స్‌మోర్

నాకు భయం ఎక్కువ. గొప్పకు చెప్పుకునే సంగతి కాదు గానీ, మా వంటింట్లో బల్లి కదిలితే అది వెళ్ళిపోయేదాకా నేను వీధిలో నిలబడతాను. ఇన్నేళ్ళలో మార్చిన పనులన్నీ కూడా ఏదో ఒక భయానికి వదిలేసి వచ్చినవే.

మొదట నాటకాల్లో రాణి వేషాలు కట్టేదాన్ని. ప్రొద్దుటూరులో వ్యాన్ ఎక్కి తిరునాళ్ళ వెంట దువ్వూరు, ఖాజీపేట, జమ్మలమడుగు పక్క పల్లెలన్నీ తిరిగాం. తెర లేచే ముందు ప్రతిసారీ పద్యం మొదటి మాట గుర్తుకు రాదేమోనని భయం. ఒక ఊళ్ళో నిజంగానే రాలేదు. హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పక్కన రాజు వేషంలో ఉన్న మామ, నేను దుఃఖంతో మాట పడిపోయినట్టు ఏదో అప్పటికప్పుడు అల్లి, నా పద్యం కూడా తనే ఎత్తుకున్నాడు. సొంత మామ కాదు, మా పక్క పెద్ద మగవాళ్ళను అలాగే పిలుస్తాం. ఆయనది పులివెందుల. ఆయన నా పరువు నిలబెట్టాడు, అయినా ఆ ఏడు తర్వాత నేను ముఖానికి రంగు వేసుకోలేదు.

ప్రొద్దుటూరులోనే ఒక కేబుల్ చానల్లో వార్తలు చదివాను. కాగితం ముందు ఉంటుంది కదా, మరిచిపోయే గొడవ లేదనుకున్నాను. తీరా కూర్చున్నాక, నోరు జారి ఎవరి పేరు పక్కన ఏ మాట అంటానో, ఎవరొచ్చి మా ఇంటి ముందు బండి ఆపుతారో అని ప్రతి మాటకూ ఆగి చూసుకునేదాన్ని. అదీ మానేసి, చీరల అంగళ్ళ ప్రచారం ఆటోలకు గొంతు ఇచ్చాను. రికార్డింగ్ గది తలుపు వేస్తే గాలి ఆడదు. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదేమోనని దానికీ భయపడ్డాను. చివరికి పెళ్ళి వీడియోల స్టూడియోలో మిక్సింగ్ నేర్చుకున్నాను. తెర మీద ఎవరో ఏడుస్తారు, ఎవరో నవ్వుతారు, అక్కర్లేనిది నేను కత్తిరిస్తాను. ప్రాణానికి హాయిగా ఉండింది. ఆ ధీమాతోనే కెమెరా తెలిసిన ఒకాయనతో కలిసి యూట్యూబ్ కోసం చిన్న చిన్న సినిమాలు తీయడం మొదలుపెట్టాను. నిర్మాణం అంటే వెనక నిలబడే పని, ఇక భయపడేది నటించేవాళ్ళే అనుకున్నాను. నా తెలివి అంతవరకే పని చేసింది.

వేషాలు మానేసిన ఒక ముసలి రంగస్థల నటుడు ఎండిన ఏట్లో ఒంటరిగా నిలబడి పద్యం పాడాలి. అదీ మా సినిమాలో చివరి ఘట్టం. దానికి మామ తప్ప నాకు ఇంకెవరూ తట్టలేదు. పులివెందుల వెళ్ళి అడిగితే ఆయన వెంటనే జుట్టు దువ్వుకున్నాడు. అత్త మాత్రం వాకిట్లో నా చెయ్యి పట్టుకుంది.

"అద్దాలు లేకుంటే ఆయప్పకు గడప గూడా కానరాదు పాపా. పిల్చుకపోతాండావు, బాగనే ఉండాది. మనిషిని మళ్ళా తెచ్చి నాకు ఒప్పజెప్పు."

తెస్తానన్నాను. అలా అనేటప్పుడు షూటింగంటే నాకున్న భయం కెమెరా బ్యాటరీ అయిపోతుందేమోనని, అంతే.

తెల్లవారి జమ్మలమడుగు దగ్గర పెన్నలోకి దిగాం. ఇసుక మధ్యలో కాస్త ఎత్తుగా ఉన్న దిబ్బ మీద మామను నిలబెట్టి, కెమెరా గట్టు మీద పెట్టాం. దిబ్బకూ గట్టుకూ మధ్య పల్లం, అందులో చుక్క నీళ్ళు లేవు. రాజులు అద్దాలు పెట్టుకోరని మామ తన కళ్ళద్దాలు తీసి నా చేతికిచ్చాడు. గట్టు మీద గొర్రెలు మేపుకునేవాళ్ళు, అటుగా పోయేవాళ్ళు గుంపుగా చేరారు. మామ పద్యం ఎత్తుకున్నాడు. ఆ గొంతు ఏమాత్రం తగ్గలేదు.

పద్యం సగంలో ఉండగా గొర్రెల కాపరి ఒకాయన నా భుజం పట్టుకుని ఊపాడు. "పైన డ్యాము నీళ్ళు ఇడిసినారమ్మా! ఆయప్పను బిరీన రమ్మను! నిన్ననే చాటిచ్చినారు గదా, మీకు తెలీదా ఏంది?"

మాకు తెలియదు. మేం ఆ ఊరివాళ్ళం కాదు, ఎవరినీ అడగలేదు కూడా. ఎగువన చూస్తే మట్టిరంగు నీళ్ళు చెత్తను ముందుకు తోసుకుంటూ వస్తున్నాయి. అప్పటికే ఒక పాయ పల్లంలోకి తిరిగింది. నేను గొంతు చించుకుని అరిచాను. గట్టు మీద ఉన్నవాళ్ళందరూ అరిచారు. చేతులు ఊపారు, ఈలలు వేశారు, కొందరు తువ్వాళ్ళు విప్పి గిరగిరా తిప్పారు.

మామ పద్యం ముగించాడు. మా వైపు తిరిగి వంగి దండం పెట్టాడు. తర్వాత మళ్ళీ నిటారుగా నిలబడి అదే పద్యం మొదటినుంచి ఎత్తుకున్నాడు.

ఎందుకో నాకు అర్థమైంది. నాటకం ఆడినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని కేకలు వేస్తారు, సరిగ్గా ఇలాగే తువ్వాళ్ళు తిప్పుతారు. ఆ కేక పడిందంటే కథ ఎక్కడున్నా ఆపి మళ్ళీ పాడాల్సిందే. చచ్చి పడి ఉన్న పాత్ర కూడా లేచి పాడి, మళ్ళీ పడుకుంటుంది. అంతమంది కలిసి అరిస్తే అంత దూరానికి మాటలు తెలియవు. అద్దాలు లేని ఆ కళ్ళకు గట్టు మీద ఊగుతున్న మసక మనుషులు ఇంకెలా కనిపిస్తారు! మేం ఎంత అరిస్తే ఆయన అంత సాగదీసి రాగం తీస్తున్నాడు.

"అరవొద్దండీ, మీ కాళ్ళు పట్టుకుంటా, అరవొద్దు!" అన్నాను. ఎవరూ వినలేదు.

నాకు ఈత రాదు. చెరువు గట్టున నడవాలన్నా భయమే. పల్లంలోకి దిగితే నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి, చల్లగా, కాళ్ళ కింద ఇసుక లాగేస్తూ. పడిపోతానని, పడితే లేవనని తెలుస్తూనే ఉంది. అత్తకు ఏం చెప్పాలన్న భయం దానికంటే పెద్దగా ఉండి నన్ను ముందుకు తోసింది. ఎదురుగా పోతే ఆయన నన్ను కూడా జనంలో కలిపేస్తాడు. అందుకే చుట్టు తిరిగి ఆయన కుడి పక్కకు పోయాను. స్టేజీ మీద రాణి వచ్చేది అటునుంచే. రాణి అడుగు పెడితే రాజు పాట ఆపి చెయ్యి చాపాలి. అన్నేళ్ళు అలాగే ఆడాం.

"ప్రభూ!" అని అరిచాను, పాత గొంతుతో.

రాగం ఠక్కున ఆగింది. మామ తిరిగి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని లాగాను. దిబ్బ దిగేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. గొర్రెల కాపరి తన పొడుగు కర్ర అందించాడు, ఇంకో ఇద్దరు పంచెలు ముడివేసి విసిరారు. ఎలా గట్టెక్కామో సరిగ్గా చెప్పలేను. వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ లేదు.

మామను పొడి దుప్పటిలో చుట్టి కారెక్కించి, మధ్యాహ్నానికి పులివెందుల చేర్చాను. దారి పొడవునా ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నేను మాటిమాటికీ ఆయన ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. అత్త ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏంది, ఇట్ల తడిసినారు?" అంది.

"ఏట్లో షూటింగు గదా, తడవకుంటే ఎట్ల?" అన్నాడు మామ. ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

అప్పుడు ఆయన నా వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "నీళ్ళ సప్పుడు నాకు ఇనపడింది పాపా."

"ఇనపడిందా? మరి యాల రాలేదు మామా?"

"జనం అడుగుతాండారు గదా. ఎన్నేండ్లయింది నన్ను ఎవురన్నా మళ్ళా పాడమని! ఎట్ల దిగొచ్చేది?" అని దుప్పటి భుజాల మీదికి లాక్కుని, "రెండోసారి ఎట్ల పాడినాను?" అని అడిగాడు.

"శానా బాగా పాడినావు మామా," అన్నాను.

అత్త కాఫీ గ్లాసులతో వచ్చి ఆయన ముఖం చూసి నవ్వింది. "మనిషి ఇట్ల కళగా ఉండి శానా దినాలయింది పాపా. మళ్ళా ఎప్పుడు కావాలన్నా పిల్చుకపో, నేను పంపిస్తా," అంటూ నాకు గ్లాసు అందించింది.

ఏట్లో కంటే పెద్ద భయం అప్పుడు పట్టుకుంది నాకు. ఆ గ్లాసు అందుకోలేకపోయాను.