కాళ్లు కడిగించుకోవడానికి నడిచాను

నేను కాళేశ్వరం నడిచింది భక్తితోనని మా వాడలో ఇప్పటికీ అనుకుంటారు. నేను నడిచింది మా ఆడబిడ్డ మీద కోపంతో. దేవుడికి ఆ సంగతి తెలుసు.

మాది నర్సింహులపేట దగ్గర పల్లె. ఆడబిడ్డ అంటే మా ఆయనకు అక్క. ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి తెల్లారితే మా వాకిట్లోనే ఉండేది. పండక్కి చీర పెట్టి నేనే ఆమె కాళ్లు మొక్కాలి. మొక్కుతూనే వచ్చాను.

తెలంగాణ కావాలని ఊరూరా టెంట్లు వేసుకొని కూర్చున్న రోజులవి. అప్పుడే నాకు ఆ జబ్బు వచ్చింది. ఇంట్లో చావు లేదు, నష్టం లేదు. వానాకాలంలో ఒకనాడు గంజి పొంగి పొయ్యి ఆరిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. చెయ్యి లేవలేదు. తర్వాత్తర్వాత మనిషినే లేవలేదు. దువ్వెన పెట్టక జుట్టు జడలు కట్టింది. పిల్లలు పిలిస్తే ఏ బావిలోంచో పిలిచినట్టుండేది. మా అన్న వచ్చి జనగామ దవాఖానకు తీసుకెళ్లాడు. అది మనసుకొచ్చే జబ్బు, మందులు ఆపొద్దు, పొద్దున్నే కొంచెం నడువమ్మా అని డాక్టరు చెప్పాడు. మందులైతే మింగాను. నడవడం ఎక్కడిది, గడప దాటడమే కొండెక్కడంలా ఉంటే.

చలికాలంలో ఒకరోజు ఆడవాళ్లంతా మా వాకిట్లో కందులు చెరుగుతున్నారు. ఆడబిడ్డ నాకు వినపడేలాగే అన్నది.

"తినుడు తక్వ లేదు, పండుడు తక్వ లేదు. గిసోంటి రోగం నాకెందుకు రాదే అవ్వా?"

అందరూ నవ్వారు. నేను గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాను. నెలల తర్వాత నా ఒళ్లు వేడెక్కింది. ఏడుపు కూడా రాని మనిషికి కోపం రావడం ఎంత భాగ్యమో ఆ జబ్బు పడ్డవాళ్లకే తెలుస్తుంది.

మా వాడలో ఒక ఆచారం ఉంది. శివరాత్రికి కాళేశ్వరం నడిచిపోయినవాళ్లు తిరిగొచ్చి ఊరికే గడప దాటకూడదు. ఆ ఇంటి ఆడబిడ్డ చెంబుతో నీళ్లు తెచ్చి వాళ్ల కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవాలి. వచ్చినవాళ్లు చిన్నా పెద్దా అని చూడరు. గోడవైపు తిరిగి పడుకొనే ఈ ఆచారం గుర్తు చేసుకున్నాను. మర్నాడు పొద్దున చెరువు కట్ట దాకా నడిచి వచ్చి పడిపోయాను. ఆ మర్నాడూ నడిచాను.

పక్కింటి పెద్దవ్వ ఏటా కాళేశ్వరం నడిచే మనిషి. నేనూ వస్తానన్నాను. అది విని ఆడబిడ్డ మూతి విరిచింది.

"నల్లా కాడికి నీళ్లకు పోనిది కాళేశ్వరం పోతదట."

"పోయొస్త వదినె. నువ్వు చెంబు తోమిపెట్టుకో," అన్నాను.

శివరాత్రి ముందర పెద్దవ్వతో బయల్దేరాను. బస్సులు ఒకరోజు తిరిగితే మరొకరోజు బంద్. కాళ్లతో పోయేవాళ్లకు బంద్ ఏముంది? ఉద్యమం వాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతుంటే అక్కడే కూర్చొని తిన్నాం. మిరప చేలు దాటాం, మోదుగులు పూసిన అడవి పక్కన నడిచాం. నేను పూలు చూడలేదు. ఆడబిడ్డ వంగి కూర్చోవడమే చూస్తూ నడిచాను.

"ఎవలి మీదనే గంత కోపం?" అంది పెద్దవ్వ.

"మా వదినె మీద."

"ఇంకా శాన దూరమున్నది బిడ్డా. జర జర ఖర్చు పెట్టుకో."

టేకుమట్ల దగ్గర కోపం నిజంగానే అయిపోయింది. పొద్దున బడి వరండాలో లేవబోతే ఒళ్లు రాయి. మళ్లీ ఆ బావే. నాతోని కాదవ్వా అన్నాను. పెద్దవ్వ బతిమాలలేదు.

"మంచిది. వాపస్ పోదాం. మీ వదినె వాకిట్లనే ఉంటది, ఎదురొస్తది."

లేచి చెప్పులు వేసుకున్నాను.

కాళేశ్వరంలో గోదాట్లో మునిగి అందరూ ఏవేవో మొక్కుకున్నారు. రోగం పోవాలని నేను అడగలేదు. నేను తిరిగి ఇల్లు చేరేదాకా మా ఆడబిడ్డను ఊరు కదలనీయకు స్వామీ అని మొక్కాను.

తిరుగు దారిలో లారీ దొరికింది. ఊరి బయట దిగి, కావాలనే తడి మడిలోంచి నడిచి ఇంటికొచ్చాను. వాడంతా చేరింది. ఆడబిడ్డ చెంబుతో వచ్చి నా కాళ్ల బురద చూసింది.

"నేను నీళ్లు పోస్త, నువ్వే కడుక్కో పిల్లా."

"గట్లెట్లనే?" అంది పెద్దవ్వ. "ఇంటాడిబిడ్డవు నువ్వేనాయె."

కూర్చుంది. కుడికాలు ముందుకు పెట్టాను.

"వేళ్ల సందులు గూడ వదినె."

చితికిన బొబ్బ వేలికి తగలగానే ఆమె తలెత్తి చూసింది. నేను కాలు వెనక్కి తీయలేదు. ఎడమకాలు పెట్టాను. ఆ నీళ్లు ఆమె నెత్తిన చల్లుకుంటుంటే నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు.

ఆ నీళ్లతో జబ్బు కొట్టుకుపోలేదు. ఒళ్లు రాయయ్యే పొద్దులు మళ్లీ వచ్చాయి. మందులు చాలాకాలం మింగాను. అట్లాంటి పొద్దునే మరీ పట్టుబట్టి లేస్తాను. చెరువు కట్టకు దగ్గరి దారి వేరే ఉంది. నేను మా ఆడబిడ్డ ఇంటి ముందు నుంచే పోతాను. ఆమె వాకిలి ఊడుస్తుంటుంది.

"ఎటు పోతున్నవే పిల్లా?"

"కాళేశ్వరం," అంటాను.

చీపురు ఆగుతుంది.