సుభానీ మేస్త్రి పరిచిన రాళ్ళు

ఎదురింటి వాకిట్లో నాలుగు రోజులుగా సిమెంటు పలకలు పరుస్తున్నారు. నేల గట్టిపరిచే యంత్రం మోతకి మా కిటికీ అద్దాలు అదురుతున్నాయి. తడి ఇసుక వాసన హాల్లోకి వస్తోంది. ఆ పని చేయిస్తున్న కాంట్రాక్టరు నిన్న మా గేటు దగ్గరికి వచ్చి, ఈ పాత నల్లరాళ్ళు పీకేసి మీకు కూడా కొత్తవి వేసేస్తాం సార్, ఒకసారి వేస్తే ఇక చూసుకోవలసిన పనే ఉండదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అక్కర్లేదని కటువుగా చెప్పి పంపేశాను. పాపం, అతని తప్పేముంది? చూసుకోనక్కర్లేని దారి ఉండదని నాకు నేర్పిన సుభానీ మేస్త్రి ఎవరో అతనికి తెలియదు. ఆయన్ని ఎరిగినవాళ్ళలో ఈ వీధిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే.

డెబ్బైల చివర్లో సీతమ్మధారలో ఈ ఇల్లు కట్టుకున్నాం. నేను పోర్టులో గుమస్తాని, నా భార్య శారద ప్రైమరీ స్కూల్లో టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆవిడ ఎడమకాలు సన్నబడింది, చేతికర్ర ఊతంతో నడిచేది. మా వాకిలి ఏటవాలు, పైగా ఎర్రమట్టి. వాన పడితే నా స్కూటరు పైకెక్కేది కాదు, శారద గేటు దాకా దిగలేక బడి మానేసేది. ఇలా సెలవులు పెడితే ఉద్యోగం ఉండదని హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది. ఆ రోజుల్లో సిమెంటు కావాలంటే పర్మిట్టు ఉండాలి, దానికోసం నెలల తరబడి తిరగాలి. పూర్ణా మార్కెట్ వెనకాల సుభానీ అని ఒక మేస్త్రి ఉన్నాడని, సిమెంటుతో పనిలేకుండా రాళ్ళు పరుస్తాడని మా ఆఫీసులో మూర్తి చెప్పాడు.

మేస్త్రి వస్తూనే రాళ్ళ మాట ఎత్తలేదు. శారదని వాకిట్లో అటూ ఇటూ నడవమన్నాడు. కర్ర ఎక్కడ ఆనుతోందో వంగి చూశాడు. దాని కింది రబ్బరు బుడిపెని వేళ్ళతో కొలుచుకుని, రాళ్ళ మధ్య సందు అంతకంటే సన్నంగా ఉండాలన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచాడు.

"బాబూ, ఇది ఏసేసి మర్సిపోయే పని కాదు. ఏటా వానలకి ముందు గడ్డి పీకాల, సందుల్లో ఇసక నింపాల, కుంగిన రాయి ఎత్తి మళ్ళీ కూకోబెట్టాల. సెయ్యలేనంటే ఇప్పుడే సెప్పండి. గ్రావెల్ పోసేసి, పట్టుకోడానికి ఒక ఇనప కమ్మీ పాతేత్తాను. అందంగా ఉండదు గానీ అమ్మగారు పడిపోరు."

వారం రోజులు తర్జనభర్జన పడ్డాం. శారద కమ్మీ చాలంది. వాకిట్లో ఇనప కమ్మీ పాతితే ఇల్లు ఆసుపత్రిలా ఉంటుందని నాకే అనిపించింది. పక్కిళ్ళవాళ్ళ ముందు చిన్నతనమని కూడా అనిపించింది, దాచడమెందుకు. రాళ్ళే వేద్దామని పట్టుబట్టాను. ఏటా నేనే చూసుకుంటానని మేస్త్రికి మాటిచ్చాను. ఆయన నా మొహంలోకి చూసి సరేనని, ఇసుక పోసి దానిమీద నల్లరాళ్ళు పరిచి వెళ్ళాడు.

మరుసటి ఏడు వానలకి ముందు పిలవకుండానే వచ్చాడు. నన్ను పక్కన గొంతుక్కూర్చోబెట్టి, సుత్తి పిడితో ఒక్కో రాయినీ కొట్టి వినమన్నాడు. నిండుగా పలికితే ఫరవాలేదు, డొల్లగా పలికితే కింద ఇసుక జారిపోయిందన్నమాట. మొదట్లో నాకు తేడా తెలియలేదు. విసుక్కోకుండా పది రాళ్ళు కొట్టించాడు, పదకొండోది నేనే పోల్చాను. తర్వాతి రెండేళ్ళూ నేనొక్కణ్ణే చేశాను, గర్వంగా చేశాను. ఏ పనైనా ముందు చెవిపెట్టి వినాలని నాకు తెలిసింది ఆయన వల్లనే.

నాలుగో ఏడు పోర్టులో ఓవర్‌టైము ఎక్కువైంది. వచ్చే ఆదివారం చేద్దాం, ఆ పై ఆదివారం చేద్దాం అనుకుంటూండగానే వానలు వచ్చేశాయి. శారద ఒకసారి గుర్తు చేసింది, మళ్ళీ చెప్పలేదు. జూలైలో ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ, కుంగిన రాయి అంచున కర్ర ఇరుక్కుని బోర్లా పడింది. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉంది. ఆ తర్వాత మళ్ళీ తన కాళ్ళ మీద నడవలేదు, ఉద్యోగం పోయింది.

మూర్తి చెబితే తెలిసి మేస్త్రి వచ్చాడు. ఆ రాయి ఎత్తి చూశాడు. కింద ఇసుక లేదు, పిడికిలి పట్టే గొయ్యి ఉంది. సందుల నిండా గడ్డి మొలిచి ఉంది. ఎవరు చూసినా తెలిసిపోయేదే. నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళి, శారద మంచం పక్కన నిలబడ్డాడు.

"తప్పు నాదేనమ్మా. ఆ రాయి కింద నేల గట్టిపడేలా నాను దిమ్మిస సరిగ్గా కొట్టలేదు."

శారద గుమ్మం వైపు చూసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. తర్వాత గేటు దగ్గర, ఎందుకలా చెప్పావు మేస్త్రీ అని అడిగాను.

"ఆయమ్మ కోపం నా మీదుంటే ఏటి బాబూ, రేపట్నించి నాను కనపడను. మీరు రోజూ కనపడాల కదా."

అప్పుడు నాకు కలిగింది సిగ్గు కాదు, హమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది తల్చుకుంటే నామీద నాకే రోత పుడుతుంది. మా వీధివాళ్ళు ఆ రాళ్ళు పరిచిందెవరని అడిగితే పేరు చెప్పాను. మేస్త్రి పని సరిగ్గా చేయలేదటగా అంటే తలూపాను. ఆయన్ని మాట్లాడుకున్న రెండిళ్ళవాళ్ళు వద్దనేశారు. ఆ పైన ఈ వైపు ఎవరూ పిలవలేదు. ఆయన గోపాలపట్నం అవతల కొండరాయి కొట్టే పనికి కుదిరాడని మూర్తి చెప్పాడు. అప్పటికే ఆయనకి దగ్గు ఉంది. ఆ రాతి దుమ్ములో మూడేళ్ళు కూడా బతకలేదు.

పోయాడని తెలిసిన రోజు ఇంటికొచ్చి శారద ఎదుట కూర్చుని అంతా చెప్పేశాను. ఆ ఏడు ఒక్క రాయి కూడా ముట్టుకోలేదని, ఆయన నన్ను కాయడానికి తన మీద వేసుకున్నాడని, అందువల్ల ఆయన పనులు పోయాయని చెప్పాను. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని ట్యూషను పిల్లల పలకలు దిద్దుతోంది. చేతిలో పలక పక్కన పెట్టింది.

"గడ్డి పీకలేదని నాకు తెలీదా? రోజూ దాని మీంచే కదా నడిచాను. ఆయన ఆ మాటంటున్నప్పుడు మీరు నోరు తెరుస్తారేమోనని చూశాను. పనులు పోయిన సంగతి మాత్రం ఇప్పుడే వింటున్నాను."

ఆ తర్వాత చాలా ఏళ్ళు కలిసే బతికాం. ఆవిడ ఒక్కనాడూ దెప్పలేదు, ఆ ఊసూ ఎత్తలేదు. మేస్త్రి తన మీదికి తిప్పుకున్నాననుకున్న కోపం ఒక్క గంటైనా ఆయన మీదికి వెళ్ళలేదు. ఆయన పేరు పోగొట్టుకున్నది, ఊపిరి పోగొట్టుకున్నది, నా ఇంట్లో ఎవరినీ నమ్మించలేని ఒక అబద్ధం కోసం. దాన్ని ఆపడానికి ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళకుండా నిజం చెప్పి ఉంటే చాలేది.