భార్య గడిలో గీత

టేకులపల్లి అడవి పక్క తండాలో ఉండే కమ్లికి, ఆమెను అడగకుండానే ఒక పదవి వచ్చింది. 2008లో, అడవి కొట్టి సాగు చేసుకుంటున్న పోడు భూములకు పట్టాలిస్తామని సర్కారు ఊరూరా అటవీ హక్కుల కమిటీలు వేయించింది. వాటిలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. తండా పెద్ద హాతీరాం ఐదుగురు ఆడవాళ్ల పేర్లు రాయించాడు. మొదటి పేరు కమ్లిదే.

"సదువొచ్చిన కోడండ్లు ఉండంగ నన్నెందుకు రాసిన్రు?" అని భర్త కిషన్‌లాల్‌ను అడిగింది.

"మర్యాద ఇచ్చినా అనుమానమేనా?" అన్నాడతను.

అనుమానమే. పదేళ్ల కిందట ఎవరో వచ్చి, మొక్కలిస్తామని చెప్పి ఆమె తండ్రి చేత వేలిముద్ర వేయించుకున్నారు. మరుసటి వానాకాలానికి ఆయన జొన్నచేను పరాయివాళ్ల జామాయిల్ తోటయింది. అప్పటి నుంచి కాగితం కనబడితే చాలు, కమ్లి బొటనవేలు పిడికిట్లో దాచుకునేది.

ఒకరోజు హాతీరాం, కమిటీవాళ్ల ముద్రలు పడాల్సిన పట్టా దరఖాస్తుల కట్ట తెచ్చి ముందు పెట్టాడు. "ముద్రలు ఏసెయ్ కమ్లీ, జల్దీ పంపాలె."

"సదివినంక ఏస్త కాకా."

"నీకు సదువొస్తదా?"

"రాదు. గందుకే ఇయ్యాల ఏయను."

హాతీరాం నవ్వాడు. పక్కనే ఉన్న కిషన్‌లాల్ మాత్రం తల దించుకున్నాడు. అది చూసి కమ్లికి మనసులో ఏదో కలుక్కుమంది. కట్టను కొంగులో చుట్టుకొని అంగన్‌వాడీ టీచర్ హేమలత దగ్గరికి నడిచింది.

"కిషన్‌లాల్, మూడెకరాలు. భార్య పేరు..." చదువుతూ హేమలత ఆగింది.

"ఏంది టీచరమ్మా?"

"పేరు రాయకుండ గీత కొట్టిన్రు అక్కా." ఒక్కొక్కటే తిరగేసింది. ఇరవై రెండు కాగితాల్లోనూ ఆ గడిలో గీతే. "పట్టా ఆలుమగలిద్దరి పేర్ల మీద ఇయ్యాలని చట్టంలనే ఉన్నది."

ఇంటికొచ్చి భర్తను నిలదీసింది. "చెట్లు నువ్వు నరికినవ్. మోడులు పీకిందెవరు?"

"నీ పేరుంటే రేపు మీ అన్నలు వాటాకొస్తరని హాతీరాం కాక అన్నడు."

"నువ్వేమన్నవ్?"

కిషన్‌లాల్ లేచి ఎడ్లకు గడ్డి వేయడానికి పోయాడు. ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

గ్రామసభకు మండలం నుంచి అధికారి వచ్చాడు. అందరి ముందూ కమ్లి లేచి, "గీతలున్న కాయితాల మీద ముద్ర ఏయను" అంది. మిగిలిన నలుగురు ఆడవాళ్లూ చేతులు వెనక్కి తీసుకున్నారు. అధికారి నాలుగు దరఖాస్తులు తిరగేసి, అన్నీ మళ్లీ రాయమన్నాడు. హాతీరాం విసవిసా వెళ్లిపోయాడు. ఆ వారమే పట్టాల కోసం ఫొటోలు తీసే మనిషి వచ్చాడు. ఇరవై రెండు జంటలూ వంతులవారీగా ఎండలో బెంచీ మీద బిగుసుకొని కూర్చున్నారు.

మరుసటి ఏడు పట్టా వచ్చింది. అందులో ఇద్దరి పేర్లూ, ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి. కమ్లి దాన్ని హేమలతతో చదివించింది. అయినా తృప్తి లేక, బడి పంతులుతో మళ్లీ చదివించింది. ఇద్దరూ ఒకటే చెప్పారు. కొలతల్లో కోత పడి, భూమి మాత్రం మూడెకరాలకు రెండుంపావే రాసి ఉంది.

"ఇగనన్న నమ్మకం కుదిరిందా?" అని కిషన్‌లాల్ అడిగాడు.

"కాయితం మీద కుదిరింది" అంది.

ఆ వానాకాలం దుక్కి అయ్యాక, ఈసారి పత్తి వేద్దామా, మక్కజొన్న వేద్దామా అని అతను ఆమెను అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు. ఎందుకు అడుగుతున్నాడోనని కమ్లి కాసేపు అతని మొహంలోకి చూసి, తర్వాత "మక్కలు" అంది.