మోటరుకు జ్వరం

నడుస్తున్న మోటరు కనిపిస్తే చాలు, బసవపున్నయ్య అంకుల్ దానికి జ్వరం చూస్తారు. చేతి వెనకవైపు దాని ఒంటికి ఆనించి, కళ్లు మూసుకుని, "ఊఁ... కాస్త ఉంది" అంటారు. పెళ్లికి పిలిస్తే వంటవాళ్ల గ్రైండరును పరామర్శించి వస్తారు. పెళ్లికూతురి పేరడిగితే చెప్పలేరు.

నోయిడాలో మోటర్లు డిజైన్ చేయడం ఆయన ఉద్యోగం. ఢిల్లీ మయూర్ విహార్‌లో ఆయనది మా పై ఫ్లాటే. మా దీపు పుట్టినప్పుడు చూడటానికొచ్చి, ముందు మా ఫ్రిజ్ వెనక్కి వెళ్లారు.

"బాబు ఇటున్నాడంకుల్!"

"వస్తున్నానమ్మాయ్. దీనికి కాస్త ఉంది. వేడంటే ఏమిటి? మనం పారేసుకున్న కరెంటు! లోపల తిరిగేదాంట్లో అల్యూమినియం తీసి రాగి పెట్టామనుకో, ఉక్కు రేకులు ఇంకా పల్చగా కోశామనుకో..."

"అరచేత్తో చూడొచ్చుగా?"

"షాక్ కొడితే వేళ్లు బిగుసుకుని దాన్నే పట్టుకుంటాయి. ఇలాగైతే చెయ్యి దానంతటదే ఇవతలికొస్తుంది."

నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ. అయినా దీపుకు రోజుకు ఆరుసార్లు థర్మామీటరు పెట్టేదాన్ని. కాబట్టి ఆయన్ను చూసి నవ్వే హక్కు నాకు లేదు. నవ్వాను.

మే నెలలో సొసైటీ నీళ్ల మోటరు మూడోసారి కాలిపోయి, కొత్త తీగతో మళ్లీ వైండింగ్ చేయించుకుని తిరిగొచ్చింది. సెక్రటరీ కేశవరావుగారు తీర్పు చెప్పేశారు.

"దశరథ్ నిద్రపోతుంటాడు. సంపు ఎండినా మోటరు ఆపడు. రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు."

పన్నెండేళ్లుగా పంపు నడుపుతున్న దశరథ్ తల వంచుకున్నాడు. దీపు స్నానానికి ఒక్క బకెట్ నీళ్లే మిగిలాయన్న కోపంతో నేనూ అవునన్నట్టు తల ఊపాను.

"ఠీక్ హై," అన్నారు అంకుల్. "ముందు పేషెంటును చూద్దాం పదండి."

మోటరును పంపు నుంచి విడదీయించి ఖాళీగా తిప్పించారు. అరగంట! అందరం పెళ్లిచూపుల్లోలా దాని చుట్టూ నిలబడ్డాం.

"ఇప్పుడు చెయ్యి పెట్టండి కేశవరావుగారూ. వెనకవైపు, వెనకవైపు!"

"అబ్బా!"

చెయ్యి దానంతటదే ఇవతలికొచ్చింది.

"చుక్క నీళ్లు తోడలేదు, అప్పుడే ఇంత జ్వరం! పాత తీగ ఊడదీయడానికి వైండింగ్ షాపువాడు ప్రతిసారీ దీన్ని మంటలో కాల్చాడు. లోపలి రేకుల మధ్య పూత మాడిపోయింది. ఇక కరెంటు నీళ్లకు తక్కువ, వేడికి ఎక్కువ. ఇందులో దశరథ్ నిద్ర ఎక్కడుందండీ?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. చంకలో దీపు ఉండటంతో వాడి చేతులతో కొట్టించాను.

కేశవరావుగారు చెయ్యి ఊదుకుంటూ, "సరే, దశరథ్ ఉంటాడు. మోటరే పోతుంది," అన్నారు. "అయినా బసవపున్నయ్యగారు రోజూ పొద్దున్నే ఈ మోటరు కోసమేనా ఇక్కడికొచ్చేది?"

"పహలే మేరా మాథా, ఫిర్ మోటర్, సాబ్," అంటూ దశరథ్ తన నుదురు చూపించాడు. ముందు అతని నుదురు, తర్వాతే మోటరట.

నిరుడు అతనికి డెంగీ వచ్చిందని మొదట కనిపెట్టింది ఆ చేతి వెనకవైపేనట. ఆస్పత్రిలో చేర్పించింది అంకులే. ఉద్యోగం పోకూడదని తొమ్మిది రోజులు పంపు నడిపిందీ ఆయనే. ఆ తొమ్మిది రోజులూ నీళ్లు టంచనుగా వచ్చాయని కేశవరావుగారు వాట్సాప్ గ్రూపులో దశరథ్‌ను మెచ్చుకున్నారు కూడా!

అంకుల్ ఇదేమీ వినడం లేదు. దీపు నుదుటికి చేతి వెనకవైపు ఆనించారు. కాస్త ఉందంటారేమోనని నేను ఆయన మొహం వంకే చూశాను.

"వీడి డిజైన్ బ్రహ్మాండం అమ్మాయ్! ఇంత గోల చేస్తాడా, ఒక్క డిగ్రీ ఎక్కువ లేదు."

ఆ రోజు థర్మామీటరు ఒక్కసారే పెట్టాను. తర్వాత ఎవరూ చూడకుండా ఫ్రిజ్ వెనక్కి వెళ్లి చెయ్యి ఆనించాను.

ఊఁ... కాస్త ఉంది.