పొట్లంలో కాఫీ కాయ

2022 నవంబరు. అరకులో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా, అంటే వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని ఉద్యోగంలో, చరిత్ర చెబుతున్నాను. మా పాపకి అప్పుడు ఆరో నెల. పొద్దుటి క్లాసులోకి కిటికీల్లోంచి మంచు వచ్చి చివరి బెంచీలను కరిగించేసేది. గొంతులే మిగిలేవి.

ఆ రోజు పాఠం రెడ్ స్కేర్. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో కమ్యూనిస్టులంటే పాకిన భయానికి ఆ పేరు. రష్యా చేతికి అణుబాంబు వచ్చింది, చైనా ఎర్రబడింది, గూఢచారులు కొందరు నిజంగానే దొరికారు. ఇవన్నీ బోర్డు మీద రాశాను. పక్కింటి టీచరును చూసి కూడా ఎందుకు భయపడ్డారో మాత్రం రాయడం చేతకాలేదు.

అందుకని ఒక ఆట పెట్టాను. ఒక్కొక్కరికీ ఒక కాగితం పొట్లం, లోపల కాఫీ కాయ. "కొన్నిట్లో ఎర్ర పండు ఉండొచ్చు. ఎవరికీ చూపకండి. ఎర్రది లేకుండా జట్లు కట్టండి." నిజానికి అన్నీ పచ్చివే.

"నీదేటే?"

"పచ్చిదే. ఒట్టు."

"ఒట్టెందుకేసినావు? మేం అడిగామా?" అని ఒక పిల్ల దెబ్బలాటకు దిగింది.

పది నిమిషాల్లో, ఒట్టేసిన సుమిత్ర గోడ దగ్గర ఒంటరిగా మిగిలింది. అనంతగిరి అవతలి ఊరి పిల్ల. తోటలో పళ్లు కోసి వచ్చింది, వేళ్లకు మరకలు. అదే సాక్ష్యం.

"నీ పొట్లంలో ఏముంది?" అన్నాను.

"ఎర్రదే మేడమ్."

"నిజంగానా?"

"ఒప్పుకుంటే బేగి ఒగ్గేత్తారు కదా. మా నాన్న అలాగే ఇంటికొచ్చినాడు."

ఈ కొండల్లో అడవిలో తిరిగే సాయుధులను 'అన్నలు' అంటారు. సుమిత్ర నాన్న సంతలో ఎవరితోనో "నిన్న అన్నొచ్చినాడు, అన్నం పెట్టినాను" అన్నాడట. వచ్చింది సాలూరు నుంచి ఆయన సొంత అన్న. మాట ఊళ్లు దాటేసరికి పోలీసులు ఆయన్ని విచారణకు తీసుకెళ్లారు. చెయ్యనిది ఒప్పుకుని బయటపడ్డాడు.

మర్నాటి నుంచి సుమిత్ర కాలేజీకి రాలేదు. ఆ ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. నా ఆట వల్ల చదువు మానేస్తుందేమో! నాలుగో రోజు ఫోన్ చేశాను. "అన్నీ పచ్చివేనమ్మా. అబద్ధమాడింది నేను. అందరి ముందూ చెప్తాను, రా."

వచ్చింది. గుమ్మం దగ్గర మంచులో ఆగి విన్నది. నేను చెప్పడం అయ్యాక, ఒట్టు గురించి దెబ్బలాడిన పిల్ల బెంచీ మీద జరిగింది. "రాయే, కూకో. నీ వేళ్లు కడుక్కున్నావా?"

"నీ నోరు కడుక్కో ముందు," అంటూ సుమిత్ర కూర్చుంది. తర్వాత నాకేసి చూసింది. "ఎర్రదాని వల్ల కాదు మేడమ్ బయం. మా నాన్నని ఏ అన్న అని ఒక్కడూ అడగలేదు."

పాప పుట్టాక పక్కింట్లో దగ్గు వినబడితే చాలు, కరోనాయేమోనని నేను తలుపు వేసుకునేదాన్ని. దగ్గు నిజమే. ఎందుకొచ్చిందని మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఆ పాఠం బాంబుతో మొదలుపెట్టను. సుమిత్రను అడిగి, ఆమె సరేనన్నాకే, బోర్డు మీద ముందు రెండు మాటలు రాస్తున్నాను: ఏ అన్న?